మా మూడొందల గజాల కార్తెలు

విత్తనం చేతిలోకి తీసుకోకముందు నాలుగు ఆదివారాలు మేం ఏరింది రాళ్ళే. రాళ్ళంటే ఒట్టి రాళ్ళు కాదు. ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు పెళ్ళలు, పగిలిన బాత్రూం టైల్సు, వంగిన మేకులు, ఒక స్టీలు చెంచా, ఎవరి పాపదో నల్లబడిన కాలిపట్టీ ఒకటి. కాలనీలో ఇళ్ళు కట్టుకున్న వాళ్ళందరూ మిగిలిందంతా తెచ్చి పోసిన ఖాళీ ప్లాటది. నేనూ పోశాను. 2009లో మా ఇల్లు కట్టినప్పుడు రెండు రిక్షాల కంకర అక్కడే పారబోయించాను. పదమూడేళ్ళ తర్వాత వంగి వంగి ఏరుతుంటే అందులో మా ఇంటిది ఏదో, పక్కింటిది ఏదో ఎవరికి తెలుసు.

ఉప్పల్ దాటాక లోపలికి ఉండే కాలనీ మాది. ప్లాటు 300 గజాలు. ఓనరు అమెరికాలో ఉంటాడు. ఫోన్లోనే మూడు షరతులు పెట్టి సరేనన్నాడు: బోరు వేయొద్దు, గోడ కట్టొద్దు, అడిగిన రోజు ఖాళీ చేయాలి. 2022 వేసవి మాట. మా చెల్లెలి కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు, వాడికి ఫొటో పంపితే నవ్వాడు. అక్కడ కూరగాయలు పండించుకోమని మునిసిపాలిటీ వాళ్ళు అద్దెకిచ్చే తోట ముక్క పాత లెక్క ప్రకారం సరిగ్గా ఇంతే ఉంటుందట, దగ్గర దగ్గర 300 గజాలు. కాకపోతే అది ఒక్క కుటుంబానికి. మాది కాలనీ మొత్తానికి.

మొత్తానికి అంటే వాట్సాప్ గ్రూపులో 64 మంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ లెక్కలు రాసినదాన్ని కాబట్టి రిజిస్టరు నా చేతికిచ్చారు. ఎవరొచ్చారు, ఏం వేశారు, ఎన్ని కిలోలు కోశారు, అన్నీ అందులో ఉంటాయి. అందుకే మొక్కల సంగతి కన్నా మనుషుల సంగతి నాకు ఎక్కువ తెలిసిపోయింది.

ప్లాటులో పలుగు దిగలేదు. పైన చెత్త, కింద గట్టి నేల. హెడ్‌మాస్టర్ సారు (రిటైరయ్యి చాలాకాలమైంది, అయినా అందరికీ ఆయన హెడ్‌మాస్టరే) తవ్వే ఆలోచన మానుకుని మీద మట్టి పోద్దామన్నారు. ఏరిన ఇటుకలనే అంచులుగా పేర్చి నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవుతో 22 మడులు కట్టాం. మడి నాలుగడుగులే ఎందుకంటే అటునుంచి ఇటునుంచి చెయ్యి చాపితే నడిమధ్యకు అందాలి, కాలు పెట్టకూడదు. ఎర్రమట్టి కొన్నాం. పశువుల పేడ ఒక డెయిరీ వాళ్ళు ఊరికే ఇచ్చారు, ట్రాలీ కిరాయి మాత్రం మాదే. వీధులు ఊడ్చే వాళ్ళు తగలబెట్టే ఎండుటాకుల్ని బస్తాల్లో పట్టించాం. కాలనీ చుట్టూ నిద్రగన్నేరు చెట్లే కాబట్టి ఆకుకు కరువు లేదు.

మృగశిర కార్తె రోజు హైదరాబాదంతా చేపల మార్కెట్ల ముందు నిలబడుతుంది. ఆ వచ్చిన ఆదివారం మా తోట ముందు 31 మంది నిలబడ్డారు. అంతమందిని మళ్ళీ ఏడాది దాకా చూడలేదు. అందరికీ తామే వేయాలని. తోటకూర విత్తనం ఆవగింజలో సగం కూడా ఉండదు, ఇసుకలో కలిపి చల్లాలి. ఆ మాట చెప్పేలోపే మూడు మడుల్లో గుప్పిళ్ళతో చల్లేశారు. బెండ గింజలు రాత్రి నానబెట్టుకొచ్చిన వాళ్ళు ఒకరిద్దరు, పొడి గింజల్ని పిల్లలతో గోలీల్లా గుంటలు తీయించి పాతించిన వాళ్ళు మిగతా అందరూ. చిక్కుడు, బీర, సొర, గుమ్మడి అంచుల వెంట. గోంగూర రెండు మడులు. రిజిస్టరులో ఆ రోజు పేజీ చూస్తే పెళ్ళి చదివింపుల పుస్తకంలా ఉంటుంది.

మొదటి వాన పడ్డ మర్నాడు ఆరుద్ర పురుగులు వచ్చాయి. ఎర్రటి మఖ్మలు గుండీలకు కాళ్ళొచ్చినట్టు మడి గట్ల మీద తిరుగుతుంటే, పదమూడేళ్ళుగా ఈ కాలనీలో ఉంటూ ఇవి ఇక్కడ ఉన్నాయని నాకు తెలియనే తెలియదు. మూడో వీధి పిల్లలు అగ్గిపెట్టెల్లో పట్టుకున్నారు. సారు విడిపించి మళ్ళీ మట్టిలో వదిలిపెట్టించారు. అవి మన మొక్కల జోలికి రావు, పురుగుల గుడ్లు తింటాయని ఆయన చెప్తే ఒక పిల్లాడు, "అయితే జీతం లేని వాలంటీర్లన్నమాట" అన్నాడు.

తర్వాత జులై వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటిన ఆ వారం గుర్తుంది కదా, మా దగ్గరా ముసురు వదల్లేదు. మడులైతే ఎత్తుగా కట్టాం గానీ మడుల మధ్య బాటలు గోడల్లా ఇటుకలతో మూసుకుపోయి ఉన్నాయి. నీళ్ళు ఎటూ పోలేక నిలబడ్డాయి. మూడో రోజు గొడుగేసుకుని వెళ్ళాను, ఏం చేయాలో తెలిసి కాదు, చూడ్డానికి. అప్పటికే అక్కడ ఒక మనిషి నడుముకు కొంగు బిగించి పారతో కాలువ తీస్తోంది. ఎదురు అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య. పాలమూరు వైపు వాళ్ళు. నాలుగు ఆదివారాలు మేం రాళ్ళేరుతుంటే గేటు దగ్గర కూర్చుని చూసింది, విత్తనాలు గుప్పిళ్ళతో చల్లుతుంటే చూసింది, ఒక్క మాట అనలేదు. మేమూ పిలవలేదు.

"నీళ్ళు పోయేటందుకు తొవ్వ ఇడ్శిపెట్టకుంటే ఎట్లమ్మా?" అంది నన్ను చూసి. కోపంగా కాదు. ఉప్పు లేకుండా పప్పు ఎట్లా వండావు అని అడిగినట్టు.

"ముందే చెప్పకపోయావామ్మా?" అన్నాను.

"మీరు అడగకపోతిరి."

ఆ రోజు నుంచి రిజిస్టరులో ఆమె పేరే మొదటి పేరు. ఊళ్ళో రెండెకరాల చెలక ఉంది, నీళ్ళు లేక వదిలేసి వచ్చారు. మా అందరిలో నిజంగా వ్యవసాయం చేసిన మనిషి ఆమె ఒక్కతే. వాలంటీరు అనే మాటకు అర్థం ఏంటని ఒకసారి అడిగింది. పైసలు తీసుకోకుండా చేసేవాళ్ళని చెప్పాను. "గదైతె మా ఊళ్ళె అందరు గంతే" అంది.

ముసురు తగ్గేసరికి సగం బెండ మొలకలు మొదలు దగ్గర కుళ్ళి పడిపోయాయి. మిగిలిన మడుల్లో తుంగ లేచింది. తుంగ గురించి తెలియని వాళ్ళకి: పైన గడ్డి పీకితే చేతికి వస్తుంది, తృప్తిగా ఉంటుంది, కింద గడ్డ ఉండిపోతుంది, వారంలో రెండు పిలకలేస్తుంది. వర్షాకాలం తోటకు మనిషి అవసరం ఎక్కువ. సరిగ్గా అప్పుడే మనుషులు రారు. బురద, దోమలు, పిల్లల బడులు, శ్రావణమాసం పెళ్ళిళ్ళు. జులై చివరి ఆదివారం నా రిజిస్టరులో ఏడుగురు. ఆగస్టులో ఒక కుర్రాడు మహా ఉత్సాహంగా చేరాడు, డ్రిప్పు పెడదాం, సెన్సర్లు పెడదాం అన్నాడు, రెండు వారాల తర్వాత కనిపించలేదు. "మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు" అన్నారు సారు. ఆ మాట ఆయన ఎవరి మీదో విసురుగా అన్లేదు, నిజంగానే క్యాలెండరు చూసి అన్నారు. ఆ పిల్లాడు వచ్చింది మఖ కార్తెలో, మానేసింది పుబ్బలో. అప్పటి నుంచి రిజిస్టరులో తేదీ పక్కన కార్తె కూడా రాయడం అలవాటైంది నాకు.

గుమ్మడి సంగతి చెప్పాలి. సెప్టెంబరు చివరికి గుమ్మడి తీగలు ఒక మూలంతా ఆక్రమించాయి. పొద్దున్నే వెళ్తే అరచేతంత పసుపు పూలు. ఎంగిలిపూల బతుకమ్మ రోజు తెల్లవారకముందే ఎవరెవరో వచ్చి ఒక్క పువ్వు మిగల్చకుండా కోసుకుపోయారు. బతుకమ్మ పేర్చడానికి గుమ్మడి పువ్వు కావాలి, కాదనలేం. తంగేడు, గునుగు ఊరి బయటికి వెళ్తే గానీ దొరకవు, ఇదొక్కటైనా కాలనీలో దొరికిందని వాళ్ళ సంబరం. కానీ గుమ్మడికి ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. ఆడపువ్వు కింద గోలీకాయంత పిందె ముందే ఉంటుంది. మగపువ్వుకు పొడుగాటి ఒట్టి కాడ. ఆ రోజు పిందెలతో సహా పోయాయి. మొదటి ఏడాది మాకు దక్కిన గుమ్మడికాయలు రెండు.

రెండో ఏడు మా ఆడవాళ్ళం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు రోజు సాయంత్రమే విచ్చబోయే ఆడమొగ్గలకు ఎర్రదారం కడతాం. పొద్దున ఆరున్నరకు ఒక మగపువ్వు కోసి, రెక్కలు ఒలిచేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు లోపల మెల్లగా రాస్తాం. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు వస్తుంది. అయ్యాక మిగిలిన మగపూలన్నీ బతుకమ్మకు. ఎండెక్కితే గుమ్మడి పువ్వు ముడుచుకుపోతుంది కాబట్టి ఈ పనంతా కాఫీకి ముందే. సొరకాయ దీనికి ఎదురు, దాని తెల్లపూలు పొద్దుగూకాక విచ్చుకుంటాయి. దానికోసం సాయంత్రం వాకింగుకు వచ్చే ఇద్దరు మగవాళ్ళను పెట్టాం. మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత వాళ్ళే ఫొటోలు పెట్టడం మొదలుపెట్టారు.

చిక్కుడుది ఇంకో కథ. జూన్‌లో వేసింది సెప్టెంబరుకల్లా పందిరి మొత్తం కమ్మేసింది, పూత మాత్రం లేదు. విత్తనం మంచిది కాదని, ఎరువు ఎక్కువైందని, పీకేసి ఇంకోటి వేద్దామని గ్రూపులో పెద్ద చర్చ. పగటిపొద్దు తగ్గితే గానీ ఈ పాత రకం చిక్కుడు పూయదని సారు రాశారు. నమ్మినవాళ్ళు తక్కువ. వాచ్‌మన్ భార్య, "చలి తగలనీయిండ్రి, గప్పుడు సూడుండ్రి" అంది. కార్తీకం వెళ్ళేసరికి ఊదారంగు పూలగెలలు పందిరి పైకి లేచి నిలబడ్డాయి. డిసెంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా కోసినకొద్దీ కాయ. ఆ పందిరి ఒక్కదాని మీదే రిజిస్టరులో 41 కిలోలు రాశాను.

చలికాలం వస్తే మా తోటకు మనుషులూ పూస్తారు. ఎండ హాయిగా ఉంటుంది, పాలకూర మెంతికూర మడులు ఫొటోకు బావుంటాయి, టమాటాలు ఎర్రబడతాయి. సంఖ్య ఇరవై దాటుతుంది. నాకు వాళ్ళ మీద కాస్త చులకన ఉండేదని ఒప్పుకుంటాను. తుంగ పీకేటప్పుడు లేరు, కోసేటప్పుడు బుట్టలతో వచ్చారని.

ఆ చలిలోనే చిక్కుడు కొసలకు పేనుబంక పట్టింది. నల్లగా, జిగటగా, లేత కొమ్మ కనిపించనంతగా. లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి స్ప్రేయరు భుజానికి తగిలించుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని కొమ్మ వంచి చూస్తే పేనుబంక మధ్యలో మొసలిపిల్లల్లాంటి పురుగులు, ముప్పాతిక సెంటీమీటరు కూడా ఉండవు, నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలు. ఛీ, ఇవొకటి అనుకుని అప్పటికే రెండు మూడు వేలితో నలిపాను. పక్కన మూడో వీధి అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "అవి అక్షింతల పురుగు పిల్లలమ్మా!" అంది. పెద్దయ్యాక గుండ్రంగా ఎర్రగా నల్లచుక్కలతో ఉండే అక్షింతల పురుగు అందరికీ తెలుసు, ముద్దు చేస్తాం. దాని పిల్ల ఇంత వికారంగా ఉంటుందని తెలియక వారం రోజులుగా నలుపుతూనే ఉన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. ఒకటి పేనును నోట కరుచుకుని, అది కాళ్ళాడిస్తుండగానే పీల్చి, పొట్టు వదిలేసి పక్కదాని దగ్గరికి పోయింది. నిమిషం పట్టలేదు. స్ప్రేయరు దించేశాను. పది పన్నెండు రోజుల్లో కొమ్మలు శుభ్రపడ్డాయి. అన్నీ కాదు, గేటు వైపువి చేతులారా కత్తిరించి పారేయాల్సి వచ్చింది.

పంచుకోవడంలో గొడవ రాకుండా ఉంటుందా? తొమ్మిదో మడి టమాటాలు ఒక శనివారం రాత్రి మాయమయ్యాయి. ఆరేడు కిలోలు. ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ పేరు రాయలేదు, పేరు రాయకుండానే గ్రూపులో నూట నలభై మెసేజులు. ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు, వాళ్ళు తీసుకున్నవాళ్ళు కూడా కాదు. కూపన్లు పెడదామని, గంటకింత అని లెక్క కడదామని నేను ఒక పట్టిక కూడా తయారుచేశాను. వాచ్‌మన్ భార్య ఆ పట్టిక వంక చూసి, "మా ఊళ్ళె యాట కోస్తె పోగులేస్తం. గట్ల ఎయ్యిండ్రి" అంది. ఇప్పుడదే పద్ధతి. ఆదివారం ఎనిమిదిన్నరకు కోసిందంతా ప్లాస్టిక్ పట్టా మీద పోస్తాం. వచ్చినవాళ్ళు ఎందరో అన్ని పోగులు, ఒకటి ఎక్కువ. ఒక పిల్లని వెనక్కి తిప్పి నిలబెట్టి, ఒక పోగు మీద చెయ్యి పెట్టి, "ఇదెవరిది?" అని అడుగుతాం. చూడకుండా ఒక పేరు చెప్తుంది. నా పట్టికలో గంటలకు నాకు పెద్ద పోగు రావాలి. పోగుల్లో చాలాసార్లు నాకు పుచ్చు వంకాయలున్నదే వచ్చింది. ఎవరికీ ఫిర్యాదు లేదు. ఎక్కువ వేసిన పోగు చెత్తబండి వాళ్ళకు.

వేసవి గురించి రాయాలంటే నాకు కాస్త కష్టం.

ఫిబ్రవరి దాటితే కొత్తిమీర పూతకొస్తుంది, పాలకూర చేదెక్కుతుంది. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్‌లో ఊళ్ళ ప్రయాణాలు. మేకు వచ్చేసరికి నలుగురం. ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద బచ్చలి, గంగవాయిలి కూర, ఒకటీ అరా గోంగూర, అంతే. మిగతా మడులకు ఎండుటాకులు కప్పి వదిలేస్తాం. నీళ్ళు పక్కింటి వాళ్ళ సంపులోంచి, రోజు విడిచి రోజు, 500 లీటర్ల డ్రమ్ములోకి. ఆ డ్రమ్ముకు కుళాయి ఉంది, కుళాయికి తాళం ఉంది. ఎవరో రాత్రిపూట పట్టుకెళ్ళి కార్లు కడుగుతున్నారని ఆ తాళం వేయించింది నేనే.

2023 మే రెండో వారంలో నారు పోశాం. మృగశిరకు నాటాలంటే వంగ, టమాటా నారు 25, 30 రోజులు పెరగాలి, అందుకని. టమాటా విత్తనం కొన్నది. వంగది మాత్రం వాచ్‌మన్ భార్య ఊరి నుంచి తెచ్చింది, వాళ్ళ అత్త నాటి ముళ్ళవంకాయ. చిన్న గుడ్డ మూటలో తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ట్రేలలో పోశాను. ఆరో రోజుకు మొలిచింది.

అదే వారం మా అమ్మాయికి ఒంట్లో బాగోలేదని బెంగళూరు వెళ్ళాను. నీళ్ళు పోసే వంతు నాది. గ్రూపులో రాశాను, ఎవరో బొటనవేలు గుర్తు పెట్టారు, సరే అనుకున్నాను. తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. బెంగళూరులో నాలుగో రోజు టికెట్టు కోసం వెతుకుతుంటే చేతికి తగిలింది. తగిలిన క్షణం కడుపులో ఏదో జారినట్టయింది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. రోహిణి ఇంకా మొదలు కూడా కాలేదు, అయినా పగటిపూట 42 డిగ్రీలు. రెండంగుళాల నారుకు నాలుగు రోజులు ఏ లెక్కన?

వచ్చి చూసేసరికి ట్రేలలో మట్టి పక్కలనుంచి విడిపోయి బిస్కెట్టులా ఉంది. వేలితో ముట్టుకుంటే మొక్క పొడిగా రాలింది. ఒక ట్రే మాత్రం గోనెపట్టా కప్పి గోడనీడకు జరిపి ఉంది, వాచ్‌మన్ భార్య పెట్టింది. తాళం తీయలేక, వాళ్ళింట్లో బిందె నీళ్ళలోంచి రోజూ చెంబెడు తెచ్చి పోసిందట. అందులో బతికినవి పదకొండు, అన్నీ టమాటా. వంగ ఒక్కటీ లేదు.

ఏం మాట్లాడాలో తెలియలేదు. "మీ అత్తగారి విత్తనం అంతా పాడుచేశాను" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "అంత మీకే ఇస్తననుకున్నరా? ఇత్తనమంత ఒక్కపారె పోస్తరామ్మా ఎవరన్న?" లోపలికి వెళ్ళి మందుబిళ్ళల డబ్బా ఒకటి తెచ్చింది. మూత తీస్తే బూడిదలో కలిపిన వంగ విత్తనం. సగం ఒంపి, సగం మళ్ళీ మూత పెట్టుకుంది.

తాళం ఆ సాయంత్రమే తీసేశాం. కార్లు కడిగేవాళ్ళు కడుగుతూనే ఉన్నారు. రెండోసారి పోసిన వంగనారు ఆలస్యంగా, ఆరుద్ర కార్తె చివర్లో నాటాం, కాయ పండగలకు అందింది. నాకు ఆ ఏడాది తర్వాత చలికాలం బుట్టల వాళ్ళ మీద చులకన కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఆ ఏడు మృగశిర దాటిన మొదటి వానకు ఆదివారం ఆరున్నరకే తోటకు వెళ్ళాను. మట్టివాసన వీధి మొదటికే వస్తోంది. గేటు ముందు చెప్పుల గుట్ట. ఎన్నడూ చూడని మొహాలు, కొత్తగా అద్దెకొచ్చిన ఒక జంట, నిరుడు సెన్సర్లన్న కుర్రాడు కూడా. చిక్కుడు గింజలు మనిషికి రెండేసి పంచుతూ లెక్కపెట్టాను. 26 మంది. రిజిస్టరు తెరిచి సంతోషంగా సారుకు చూపించాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసి పేర్లన్నీ కింది దాకా చూశారు. "మంచిదమ్మా," అన్నారు. "పుబ్బ దాటనియ్యి."